మొగులు మారితే గాలం ఎక్కడ వేయాలి: బతికున్న ఎరతో చెరువులో కొర్రమట్టను పట్టే తీరు

ఓరుగల్లు నుంచి ఏ దిక్కుకు పోయినా సముద్రం చాలా దూరం. అయినా కాకతీయుల కాలంలో ఇక్కడ చెరువులు కట్టించినవాళ్లు వాటిని సముద్రాలనే పిలిచారు. గణపురం చెరువు గణపసముద్రం. కేసముద్రం ఊరి పేరులోనూ సముద్రం ఉంది. ఆషాఢంలో గాలి గట్టిగా కొట్టే పూట పాకాల చెరువు కట్ట మీద నిలబడితే ఆ పేరు ఊరికే పెట్టలేదని తెలుస్తుంది. అలలు కట్ట రాళ్లను కొడుతూనే ఉంటాయి. పొద్దున పచ్చగా ఉన్న మూల మధ్యాహ్నానికి ఎర్రబడుతుంది. నిన్న చేపలు ఎగిరిన చోట ఇవాళ చప్పుడు ఉండదు.

ఇలాంటి నీళ్లలో బతికున్న ఎరతో గాలం వేసేవాళ్లు ఎక్కువగా చేసే పొరపాటు ఒకటుంది. పొద్దున వచ్చి ఒకచోట కూర్చుంటారు. చేప పడకపోతే ఎర మారుస్తారు, గాలం మారుస్తారు, దారం మారుస్తారు, చోటు మాత్రం మార్చరు. నీళ్లు మారినప్పుడు మార్చాల్సింది చోటు, లోతు. గాలి తిరిగినా, కొత్త నీళ్లు వచ్చినా, ఎండ ముదిరినా మొదట జరిగేవి చిన్న చేపలు. వాటి వెనకే వాటిని తినేది కదులుతుంది. మీ గాలానికి ఎరగా ఉన్న పక్కె చేప కూడా ఆ చిన్న చేపల్లో ఒకటే. దాన్ని ప్రాణంతో, హుషారుగా ఉంచగలిగితే నీటి కింద ఏం జరుగుతుందో అదే మీకు చెబుతుంది. కింద రాసిందంతా ఈ ఒక్క పని ఎలా చేయాలన్నదే.

ఏ చేప కోసం వెళ్తున్నారు

మన చెరువుల్లో బతికున్న ఎరకు బాగా పడేది కొర్రమీను. వరంగల్ పల్లెల్లో కొర్రమట్ట అంటాం, బొమ్మె అనేవాళ్లూ ఉన్నారు. 2016లో తెలంగాణ రాష్ట్ర చేపగా ప్రకటించింది దీన్నే. ఇది మొప్పలతో పాటు పైగాలిని కూడా పీల్చుకుంటుంది, అందుకే కాసేపటికోసారి నీటి పైకి వచ్చి ఒక గుటక తీసుకుని కిందికి పోతుంది. ఆ చిన్న ‘గుబుక్’ శబ్దం, తర్వాత మెల్లగా విచ్చుకునే వలయం మీ చెవికి, కంటికి అలవాటు కావాలి. పెద్ద చెరువుల లోతుల్లో, గోదావరి మడుగుల్లో వాలుగ కూడా ఉంటుంది. అది రాత్రి వేట చేప. దాని నోటి నిండా సన్నని పళ్లు, దారం సంగతి దానికి తగ్గట్టు చూసుకోవాలి. కాలువల్లో కొర్రమట్ట జాతిదే అయిన పూమేను దొరికితే అదృష్టం.

ముందు అడగండి

కర్ర విప్పకముందే చేయాల్సిన పని ఇది. ఊరి చెరువుల్లో చాలావాటి మీద చేపల హక్కు మత్స్య సహకార సంఘాలది. ముదిరాజ్, గంగపుత్ర కుటుంబాలు చేప పిల్లలు పోసి, కాపలా కాసి, ఎండాకాలంలో పట్టుకుని బతుకుతాయి. సంఘం పెద్దమనిషి దగ్గరికి పోయి నేరుగా చెప్పండి: “అన్నా, ఒక్క గాలం ఏసుకుంట. కొర్రమట్ట కోసమే. రవ్వ, బొచ్చె పడితే నీళ్లల్ల ఇడిసిపెడుత.” పదిసార్లలో తొమ్మిదిసార్లు సరేనంటారు, పైగా ఏ మూలలో చేప ఉందో కూడా చెబుతారు. వద్దంటే వద్దు. వాదన పెట్టుకోకుండా ఇంకో చెరువు చూసుకోండి.

పాకాల అభయారణ్యంలో ఉంది. అక్కడ చూడటానికి పోవాలి కానీ అనుమతి లేకుండా గాలం తీయకూడదు. మంథని వైపు గోదావరి ఒడ్డున ఉన్న శివ్వారం అభయారణ్యం మొసళ్ల కోసం పెట్టింది. అక్కడ నీళ్లలో కాలు కూడా పెట్టొద్దు. తాగునీటి చెరువుల దగ్గర బోర్డు మీద ఏం రాసి ఉంటే దాన్నే పాటించండి.

సామాను

ఎక్కువ వద్దు. ఎనిమిది తొమ్మిది అడుగుల గట్టి కర్ర ఒకటి, మామూలు స్పిన్నింగ్ రీలు ఒకటి, 0.40 మిల్లీమీటర్ల నైలాన్ దారం చాలు. వెదురు గెడతోనూ పట్టొచ్చు. మా నాయన జీవితమంతా గెడతోనే పట్టాడు. కానీ గాలి మారిన కొద్దీ దూరం మార్చుకోవాలంటే రీలు ఉండటం మంచిది. గాలాలు 1/0, 2/0 సైజులవి తీసుకోండి. గాలానికి పైన జానెడు పొడవు మందపాటి దారం కట్టండి, వాలుగ కోసమైతే సన్నని స్టీలు వైరు. జానెడు పైన చిన్న సీసం గుండు ఒకటి.

నీటి మీద తేలే బెండు విషయంలో మాత్రం శ్రద్ధ పెట్టాలి. మా చిన్నప్పుడు ఎండిన జొన్న దంటు లోపలి బెండును కోసి కట్టేవాళ్లం. ఇప్పుడు థర్మోకోల్‌వి దొరుకుతున్నాయి. బెండు మరీ చిన్నదైతే పక్కె ఈదినప్పుడల్లా మునిగి మీకు గుండె దడ పుట్టిస్తుంది. మరీ పెద్దదైతే కొర్రమట్ట పట్టుకోగానే బరువు తెలిసి వదిలేస్తుంది. పక్కె గుంజితే వణకాలి కానీ మునగకూడదు. వేసిన మొదటి నిమిషంలోనే ఇది తేలిపోతుంది, అప్పుడే మార్చుకోండి.

ఎర ఎక్కడిది

మీరు గాలం వేయబోయే చెరువులోనే పట్టిన పక్కెలు అన్నిటికన్నా మంచి ఎర. రెండు నుంచి మూడు అంగుళాలున్నవి ఏరుకోండి. సన్న గాలానికి ఎర్ర (వానపాము) ముక్క కానీ, గోలీ కన్నా చిన్న గోధుమపిండి ముద్ద కానీ గుచ్చి తూము దగ్గర, మెట్ల దగ్గర వేస్తే అరగంటలో పది దొరుకుతాయి. గడ్డి మొదళ్లలో చేతిబుట్టతో తోడితే రొయ్యలు వస్తాయి. చలికాలంలో రొయ్యను మించింది లేదు.

వేరే చెరువులో పట్టిన చేపను ఈ చెరువుకు తేవొద్దు. ఈ మాట గట్టిగా చెబుతున్నాను. జిలేబి చేపలు, అంటే తిలాపియా, ఇలా చేతులు మారే చెరువు చెరువుకూ పాకాయి. ఆఫ్రికన్ క్యాట్‌ఫిష్ పెంపకాన్ని మన దేశంలో నిషేధించారు. దాని పిల్లలు ఎవరైనా ఎరకని ఇచ్చినా ముట్టుకోవద్దు. కప్పలను కూడా వదిలేయండి. పాతకాలంలో రాత్రి గాలాలకు కప్పలే కట్టేవాళ్లు, నిజమే. కానీ వరి మడిలో పురుగును తినేది అవే. పక్కె దొరికే చోట కప్ప అవసరం లేదు.

ఎరను బతికించుకోవడం

వేటలో సగం ఈ బకెట్‌లోనే ఉంది. నేను మొదట్లో ఒకసారి ఇంటి నుంచి నల్లా నీళ్లు నింపుకుని పోయాను. పట్టిన పద్దెనిమిది పక్కెలూ అందులో వేశాను. ఇరవై నిమిషాల్లో అన్నీ వెల్లకిలా తేలాయి. నీళ్లు శుభ్రంగా ఉన్నాయి కదా, ఎందుకు చచ్చాయని చాలాసేపు చూస్తూ కూర్చున్నాను. తాగునీటిలో కలిపే క్లోరిన్ చేప మొప్పలను కాలుస్తుందని తర్వాత తెలిసింది. అప్పటి నుంచి ఖాళీ బకెట్‌తో పోయి చెరువు దగ్గరే నింపుకుంటున్నాను. సబ్బు తగిలిన బకెట్ కూడా పనికిరాదు. ఎర బకెట్‌ను ఇంట్లో వేరే పనికి వాడనివ్వొద్దు.

పదిహేను లీటర్ల నీళ్లకు పది పన్నెండు పక్కెలే. ఎక్కువ పట్టామని ఎక్కువ వేస్తే అన్నీ పోతాయి. అక్వేరియం దుకాణాల్లో బ్యాటరీతో నడిచే గాలి పంపు దొరుకుతుంది, అదొకటి పెట్టుకోండి. అది లేకపోతే పది నిమిషాలకోసారి చెంబుతో నీళ్లు ఎత్తి ఎత్తు నుంచి పోయండి, అరగంటకోసారి మూడో వంతు నీళ్లు మార్చండి. తడిగోనె కప్పి చెట్టు నీడలో పెట్టండి. మూత లేకపోతే పక్కెలు ఎగిరి కట్ట మీద పడతాయి.

ఎండాకాలంలో మన దగ్గర బకెట్ నీళ్లు తొందరగా వేడెక్కుతాయి. వేడెక్కిన కొద్దీ నీటిలో కరిగి ఉండే ప్రాణవాయువు తగ్గుతుంది. 20 డిగ్రీల దగ్గర లీటరు నీటిలో 9 మిల్లీగ్రాముల దాకా కరుగుతుంది, 30 డిగ్రీలకు చేరితే ఏడున్నరకు పడిపోతుంది. పైగా వేడిలో చేపకు కావాల్సింది ఎక్కువ. అందుకే అర లీటరు సీసాలో నీళ్లు గడ్డకట్టించి తెచ్చి మూత బిగించి బకెట్‌లో తేలనివ్వండి. ఐసు ముక్కలు నేరుగా వేయకండి, ఒక్కసారిగా చల్లబడితే చేప బిగుసుకుపోతుంది.

పక్కె పైకి వచ్చి నోరు తెరుచుకుంటూ ఉంటే నీళ్లు మార్చే వేళ అయిందని. మూతి చుట్టూ ఎర్రబడితే అది బకెట్ గోడకు కొట్టుకుంటోంది, అలాంటిదాన్ని ముందుగా వాడేయండి. పక్కకు ఒరిగినదాన్ని తీసేయండి. చేయి తడిపాకే చేపను పట్టాలి. పొడి చేత్తో పడితే ఒంటి మీది జిగురు పోయి గాలం మీద ఎక్కువసేపు నిలవదు.

గుచ్చే తీరు

ఎలా గుచ్చారన్న దాన్ని బట్టి పక్కె ఎటు ఈదాలో తేలుతుంది. నీళ్లు కదలకుండా ఉన్నచోట, తుంగ అంచున, బెండు కింద వేలాడదీయాలంటే వీపు రెక్కకు కొంచెం వెనక, చర్మం కింద తేలికగా గుచ్చండి. వెన్నెముకకు తగలకూడదు, తగిలితే తోక ఆడదు. ఇలా గుచ్చిన పక్కె తల కిందికి పెట్టి లోతుకు పోవాలని చూస్తుంది, ఆ తన్నులాటే పెద్ద చేపను పిలుస్తుంది.

నీళ్లు పారే చోట, లేదా గాలికి ఎదురుగా వేసి మెల్లగా గుంజుకోవాల్సి వస్తే కింది పెదవి నుంచి పై పెదవికి గుచ్చండి. నోటిలోకి నీళ్లు పోయి మొప్పల నుంచి రావడానికి దారి ఉండాలి, కాబట్టి లోతుగా పోవద్దు. వీపుకు గుచ్చినదాన్ని పారే నీటిలో వేస్తే అడ్డంగా తిరిగి గిరగిరా సుడి తిరుగుతుంది, దారం మెలిపడుతుంది, ఐదు నిమిషాల్లో చేప చస్తుంది.

రొయ్యకైతే తోక చివరి కణుపు దగ్గర గుచ్చాలి. తల కొమ్ము వెనక పలచటి పెంకులో నల్లగా ఒక మచ్చ కనిపిస్తుంది. అక్కడ గాలం తగిలితే రొయ్య అప్పుడే పోతుంది.

ఎలా గుచ్చినా గాలం మొన బయటికి కనబడాలి. పొలుసు కింద దాగితే కొర్రమట్ట నోటిలో అది దిగదు. వేసేటప్పుడు కర్రను విదిలించొద్దు. పక్క నుంచి ఊపి మెల్లగా వదలండి. గట్టిగా విసిరితే పక్కె నీటికి తగలగానే సొమ్మసిల్లుతుంది, లేదా గాలానికి పెదవి ముక్క మాత్రం మిగులుతుంది.

గాలి

వానాకాలంలో మన దగ్గర గాలి ఎక్కువగా పడమర, నైరుతి నుంచి వస్తుంది. ఆ గాలి పైనీటిని, దాని మీద తేలే నాచును, పురుగులను తూర్పు ఒడ్డుకు, ఈశాన్య మూలకు నెడుతుంది. వాటి కోసం పక్కెలు అక్కడికి చేరతాయి. కాబట్టి గాలి వీపుకు తగిలే ఒడ్డు సుఖంగా ఉన్నా, మొహానికి తగిలే ఒడ్డుకే పోండి. వేయడం కష్టమే. గుండు కొంచెం పెంచండి, బెండును కొంచెం కిందికి జరపండి, ఒడ్డుకు పది పదిహేను అడుగుల లోపలే వేయండి. అలలు కొట్టిన ఒడ్డున నీళ్లు మసకబారి ఉంటాయి, కొర్రమట్ట ఆ మసకలో మోకాలి లోతుకు కూడా వస్తుంది. దూరంగా వేస్తే దాన్ని దాటి వేసినట్టే.

గాలి తిరిగే వేళను కనిపెట్టడం నేర్చుకోవాలి. రోహిణి కార్తెలో ఒక సాయంత్రం నర్సంపేట వైపు ఒక చెరువు మీద ఉన్నాను. రెండు గంటలుగా పడమటి గాలి, బెండు నా వైపే కొట్టుకొస్తోంది. నాలుగున్నర దాటాక గాలి ఆగింది. తుంగ ఆకులు నిటారుగా నిలబడ్డాయి. కట్ట మీది తాటిచెట్ల గలగల ఆగిపోయింది. బెండు మాత్రం సన్నగా, వేగంగా వణకడం మొదలుపెట్టింది. అంతకుముందు పక్కె కొంచెం గుంజి, కొంచెం ఆగి, మళ్లీ గుంజేది. ఇప్పుడు ఆగడం లేదు. గాలి నెట్టిన చిన్న చేపలన్నీ ఒక్కసారి ఒడ్డు వదిలి లోపలికి తిరిగాయి, నా పక్కె కూడా వాటితో పోవాలని చూస్తోంది. లేచి బెండును రెండడుగులు లోతుకు జరిపి తుంగ బయటి అంచుకు వేశాను. పది నిమిషాలు కాలేదు, కొర్రమట్ట పట్టింది. తర్వాత కాసేపటికి తూర్పు నుంచి దుమారం లేచింది. అప్పటికి నేను సామాను సర్దుకుని దారి పట్టాను.

చేప దగ్గరికి వచ్చిందని పక్కె చెప్పే మాట దాదాపు ఎప్పుడూ ఇదే. ఈదుతున్నది ఒక్కసారిగా పిచ్చి పట్టినట్టు అయితే దారం గట్టిగా పట్టుకోకండి, కాస్త వదులు చేసి చూడండి. ఈదుతున్నది పూర్తిగా ఆగిపోతే రెండు అర్థాలు: అలసిపోయి ఉండొచ్చు, లేదా భయంతో గడ్డిలో దూరి ఉండొచ్చు. అడుగు దూరం మెల్లగా గుంజి చూస్తే తెలిసిపోతుంది.

కొత్త నీళ్లు

మిరుగు (మృగశిర కార్తె) నాడు చేప తినాలని మన ఇళ్లలో అందరికీ తెలుసు. గాలం వేసేవాళ్లకు మిరుగు ఇంకో లెక్కన కూడా పండుగే. వానలు పడి ఒర్రెలు పారి ఎర్రటి కొత్త నీళ్లు చెరువులోకి దిగే రోజులవి. వాగు చెరువులో కలిసే చోట ఎర్ర నీటికి, చెరువు పాత నీటికి మధ్య ఒక గీత కనిపిస్తుంది. గట్టు మీద కొంచెం ఎత్తున నిలబడితే చాలా స్పష్టంగా కనిపిస్తుంది. కొట్టుకొచ్చిన ఎర్రలు, చీమలు, గింజల కోసం పక్కెలు ఆ గీత దగ్గర గుమిగూడతాయి. గీతకు పాత నీటి వైపు, రెండు మూడు అడుగుల దూరంలో ఎర వేయండి. పూర్తి బురద నీటిలో వేస్తే చేపకు ఎర కనబడదు, మొప్పల్లో మట్టి చేరి పక్కె కూడా త్వరగా అలసిపోతుంది.

ఆ గీత ఒకేచోట ఉండదు. వాన పెరిగితే లోపలికి జరుగుతుంది, తగ్గితే ఒడ్డుకు వస్తుంది. అరగంటకోసారి చూసి దాని వెంట జరగండి. పెదవికి గుచ్చిన పక్కె ఇక్కడ సరైనది. రాత్రి పూట ఇక్కడే జెల్లలు, వాలుగ పడతాయి.

ముసురు పట్టి మూడు నాలుగు రోజులు ఎండ లేకపోతే ఇంకో మార్పు వస్తుంది. నాచుకు వెలుతురు అందక నీటిలో ప్రాణవాయువు పెరగదు, తెల్లవారేసరికి బాగా తగ్గిపోతుంది. రవ్వ, బొచ్చె పైకి వచ్చి నోళ్లు తెరుస్తున్నాయంటే అదే. పైగాలి పీల్చే కొర్రమట్టకు ఆ ఇబ్బంది తక్కువ, అలసిన చిన్న చేపలు దానికి తేలికగా చిక్కుతాయి. అలాంటి తెల్లవారుజామున ఎరను అడుగుకు దింపొద్దు. నీటి పైనుంచి అడుగు, అడుగున్నర లోతులోనే ఉంచండి. కింద ఉంచితే మీ పక్కెకే ఊపిరాడదు.

మత్తడి దుంకే రోజులు

చెరువు నిండి మత్తడి (అలుగు) దుంకుతుంటే ఊరంతా అక్కడే ఉంటుంది. ఎదురెక్కే చేపల కోసం వలలు, బుట్టలు, పిల్లల కేకలు. గాలానికి అది చోటు కాదు. మత్తడి రాళ్ల మీద నాచు సబ్బులా ఉంటుంది, మోకాలి లోతు పారే నీళ్లు నిలబడ్డ మనిషిని పడేస్తాయి. మత్తడికి పైన, చెరువు లోపలి వైపు, పారుడు మొదలయ్యే చోటికి దూరంగా నీళ్లు నిదానంగా తిరిగే మూల ఒకటి ఉంటుంది. చెట్టు కొమ్మ కానీ, పాత రాతి గోడ కానీ అడ్డుగా ఉంటే ఇంకా మంచిది. పారుడులో నిలబడలేని చిన్న చేపలు అక్కడ ఆగుతాయి. గట్టు మీదే నిలబడి వేయండి.

గోదావరి ఒడ్డున, మానేరు కింద వేసేవాళ్లు ఇంకో సంగతి గుర్తుపెట్టుకోవాలి. పైన గేట్లు ఎత్తితే మీ దగ్గర చుక్క వాన లేకపోయినా నీళ్లు పెరుగుతాయి. నీటి అంచున ఒక పుల్ల గుచ్చి పెట్టండి. పుల్ల మునిగితే సామాను ఎత్తండి. ఇసుక దిబ్బల మీద, నది మధ్య రాళ్ల మీద కూర్చుని గాలం వేయొద్దు. 2023 జులైలో ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో 24 గంటల్లో దాదాపు 65 సెంటీమీటర్ల వాన పడింది. ఆ తెల్లారి మోరంచవాగు పొంగి మోరంచపల్లిని ముంచెత్తింది. మన వాగులు ఎంత త్వరగా మారగలవో ఈ ప్రాంతంలో ఎవరికీ కొత్తగా చెప్పక్కర్లేదు.

ఎండ, చలి

ఎండాకాలంలో తెల్లవారి ఎనిమిది లోపు, సాయంత్రం ఐదు తర్వాత. మధ్యాహ్నం వేయాలంటే గుర్రపు డెక్క, తామరాకుల నీడ ఉన్నచోట, ఆకుల మధ్య ఖాళీల్లో, చిన్న బెండుతో. చలికాలంలో దీనికి తిరగేసి చేయాలి. పొద్దెక్కి నీళ్లు వెచ్చబడ్డాక పదకొండు నుంచి మూడు మధ్య, ఎండ తగిలే లోతు తక్కువ ఒడ్డున, చిన్న పక్కె లేదా రొయ్యతో. చలిలో చేప తిండి తక్కువ, నోటికి పెద్దది పట్టదు. మిషన్ కాకతీయలో పూడిక తీసిన చెరువుల్లో లోతు గుంటలు కొత్తగా వచ్చాయి. మీ చెరువులో అవి ఎక్కడున్నాయో సంఘం వాళ్లను అడిగి తెలుసుకోండి. అటు మండుటెండలోనూ, ఇటు చలి పొద్దుల్లోనూ చేప వాటి అంచునే ఉంటుంది.

బెండు మునిగినప్పుడు

కొర్రమట్ట పక్కెను అడ్డంగా పట్టి కొంచెం దూరం పోయి, అక్కడ తిప్పుకుని తల వైపు నుంచి మింగుతుంది. అందుకే బెండు మునగగానే గుంజితే ఎర మాత్రం చేతికి వస్తుంది. దారం వదులుగా ఇచ్చి ఐదు లెక్కపెట్టండి. బెండు ఒకే దిక్కుకు నిదానంగా సాగుతుంటే అప్పుడు దారం బిగించి గుంజండి. పది దాకా ఆగొద్దు. అంతసేపు ఆగితే గాలం కడుపులోకి పోతుంది, చిన్న చేప అయినా వదిలి బతికించే వీలుండదు.

పట్టగానే అది గడ్డిలోకి, మొద్దుల్లోకి దూరాలని చూస్తుంది. మొదటి పది సెకన్లు కర్ర పైకెత్తి గట్టిగా ఉండండి, ఆ తర్వాత నిదానం. ఒడ్డుకు వచ్చాక దారం పట్టి ఎత్తొద్దు, చేతివల కింద పెట్టండి.

వానాకాలంలో ఒకటి కనిపిస్తుంది: నీటి పైన ఎర్రటి చిన్న పిల్లలు గుంపుగా, బంతిలా కదులుతుంటాయి. అవి కొర్రమట్ట పిల్లలు. కింద తల్లీతండ్రీ కాపలా ఉంటాయి. ఎర దగ్గరికి వేస్తే తినడానికి కాదు, పిల్లలను కాపాడటానికి వచ్చి పడతాయి. వాటిని పట్టిన మరుక్షణం ఆ పిల్లలను పక్కెలు, జెల్లలు తినేస్తాయి. ఆ చోటు వదిలి దూరంగా వెళ్లండి. నేను ఒక్కసారి పట్టాను, ఆ పిల్లల గుంపు చెదిరిపోవడం కళ్లారా చూశాను. అప్పటి నుంచి ఆ పని చేయలేదు.

చేతులు, ప్రాణాలు

జెల్ల, మార్పు, ఇంగిలాయి చేపలకు రొమ్ము రెక్కల దగ్గర ముళ్లుంటాయి. ఇంగిలాయి ముల్లు అన్నిటికన్నా చెడ్డది, పొడిస్తే మంట చేయంతా పాకుతుంది. గాలం నుంచి తీసేటప్పుడు తడిగుడ్డతో పట్టి కటింగ్ ప్లేయర్‌తో తీయండి. పొడిస్తే గాయం కడిగి, తట్టుకోగలిగినంత వేడి నీళ్లలో అరగంటకు పైగా ఉంచండి, నొప్పి తగ్గుతుంది. వాపు పెరిగినా, ముల్లు లోపల విరిగినా దవాఖానకు పోండి. గాలం కొనకున్న వెనక ముల్లు దాటేంతగా వేలిలో దిగితే వెనక్కి గుంజకండి, దవాఖానలో తీయించుకుని ధనుర్వాతం సూది వేయించుకోండి.

ఉరుము వినబడిందంటే పిడుగు మీ దాకా రాగలిగే దూరంలో ఉన్నట్టే. కార్బన్ కర్ర పిడుగును పిలిచే ఇనుప కడ్డీ లాంటిది. చెరువు కట్ట చుట్టుపక్కల అన్నిటికన్నా ఎత్తు. కర్ర కింద పడేసి, కట్ట దిగి, చెట్ల కిందికి కాకుండా ఇంట్లోకో కారులోకో పోండి. చివరి ఉరుము విన్నాక అరగంట దాకా తిరిగి రావొద్దు. దామిని యాప్ ఫోన్‌లో పెట్టుకుంటే మీ చుట్టూ పిడుగులు ఎక్కడ పడుతున్నాయో చూపిస్తుంది. ఒక్కరే పోతే ఏ చెరువుకు పోతున్నారో, ఎన్నింటికి వస్తారో ఇంట్లో చెప్పి పోండి.

తిరిగి వచ్చే ముందు

మిగిలిన పక్కెలను పట్టిన చోటే వదలండి. బకెట్ వంచి ఒక్కసారి కుమ్మరించొద్దు. బకెట్‌ను నీళ్లలోకి ఒరిగించి చెరువు నీళ్లు లోపలికి రానివ్వండి, రెండు నిమిషాలు ఆగండి. లోపలి నీళ్లకూ బయటి నీళ్లకూ వేడి సమానమయ్యాక అవే ఒకటొకటిగా వెళ్లిపోతాయి. తెగిన దారం ముక్కలు జేబులో వేసుకోండి, కొంగల కాళ్లకు చుట్టుకునేవి అవే. బకెట్‌ను ఇంటికి తెచ్చి ఎండలో బోర్లించి పూర్తిగా ఆరనివ్వండి. తర్వాతి వారం ఇంకో చెరువుకు పోయేటప్పుడు ఈ చెరువు నీటి చుక్క అందులో ఉండకూడదు.